పాఠకుల ప్రశ్నలు – జవాబులు: పాత కారు మీటరు బోర్డు విప్పడం ఎలా?

ప్రశ్న: నా దగ్గర సుమారు 30 ఏళ్ల నాటి కారు ఉంది. కొన్ని నెలలుగా రాత్రిపూట మీటరు బోర్డులో ఎడమ సగం వెలగడం లేదు. దానికి తోడు, బండి బయలుదేరిన కాసేపటికి పెట్రోలు ముల్లు, ఇంజన్ వేడిని చూపే ముల్లు రెండూ ఉండవలసిన చోటు దాటి పైకి పోయి నిలుస్తున్నాయి. బల్బులైనా మార్చుకుందామని మీటర్ల చుట్టూ ఉన్న నల్లటి చట్రానికి పైకి కనిపించే రెండు స్క్రూలు తీశాను. చట్రం కదిలింది గానీ ఊడి రాలేదు. కాస్త గట్టిగా లాగితే లోపల ఎక్కడో చిటుక్కుమంది. భయపడి మళ్లీ స్క్రూలు బిగించేశాను. దేన్నీ పగలగొట్టకుండా మీటరు బోర్డు బయటికి తీసే పద్ధతి చెప్పగలరా? స్టీరింగ్ చక్రం విప్పక తప్పదా? కంపెనీ వారి రిపేరు పుస్తకం నా దగ్గర లేదు.

జవాబు: చప్పుడు వినగానే ఆపడం మంచిదైంది. ముప్పై ఏళ్లు ఎండ తిన్న ప్లాస్టిక్కుకు వంగే గుణం పోయి పెళుసుదనం వస్తుంది. కొత్తలో వంగి వదిలిన క్లిప్పు ఇప్పుడు విరిగి వదులుతుంది. కాబట్టి ఈ పని మొదలుపెట్టినప్పటి నుంచి ముగిసేవరకు ఒక సంగతి మనసులో ఉంచుకోండి. మామూలుగా కదిపితే రాని భాగాన్ని ఇంకా ఏదో ఒక స్క్రూ గానీ, కనెక్టరు గానీ, కేబులు గానీ పట్టుకుని ఉందన్నమాట. అలాంటప్పుడు చేతికి పని తగ్గించి టార్చిలైటుకు పని చెప్పాలి.

అసలు మీటరు బోర్డు విప్పవలసిన అవసరం ఉందో లేదో ముందే తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే చాలామంది వెనకాల లేని లోపం కోసం ముందర ఉన్న ప్లాస్టిక్కును పాడుచేసుకుంటారు. మీటర్ల వెలుగు మొత్తం ఒకేసారి పోతే బల్బులన్నీ కలిసికట్టుగా మాడిపోయాయని అనుకోకూడదు. ఫ్యూజునూ, వెలుగును హెచ్చించి తగ్గించే చిన్న తిప్పుడు స్విచ్చినీ ముందు చూడాలి. పెట్రోలు ముల్లు ఒక్కటే తప్పు చూపితే లోపం ట్యాంకులోని ఫ్లోటు దగ్గరో, దాని వైరులోనో ఉండే అవకాశం ఎక్కువ. మీ విషయం వేరు. సగం వెలుగే పోయింది కాబట్టి ఆ వైపు బల్బులనైనా, వాటికి కరెంటు తెచ్చే దారినైనా అనుమానించాలి. రెండు ముళ్లూ ఒకేసారి, ఒకే దిక్కుకు తప్పుతున్నాయి కాబట్టి ఆ రెంటికీ ఉమ్మడిగా ఉండి, బ్యాటరీ వోల్టేజిని తగ్గించి నిలకడగా పంపే వోల్టేజి స్టెబిలైజరు మీద దృష్టి పెట్టాలి. పాత కార్లలో ఈ చిన్న డబ్బీ చాలావరకు మీటరు బోర్డు వీపునే ఉంటుంది. మీ రెండు ఫిర్యాదులకూ మందు వెనకవైపే ఉన్నందున మీకు మాత్రం విప్పక తప్పదు.

మొదట బ్యాటరీ. తాళంచెవి తీసి పక్కన పెట్టి, బాడీకి ఎర్త్ అయిన టెర్మినల్‌ను విప్పండి. దాదాపు అన్ని కార్లలోనూ అది నెగటివే; బాగా పాతవాటిలో కొన్నిటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది కాబట్టి గుర్తు చూసి మరీ విప్పండి. ఎర్త్ తీగ ముందు తీయమనడానికి కారణం ఉంది. రెండోదాన్ని ముందుగా విప్పేటప్పుడు స్పానరు పొరపాటున రేకుకు తగిలితే బ్యాటరీ కరెంటంతా ఆ స్పానరు గుండానే పోతుంది. రేడియోకు కోడ్ నంబరు ఉంటే అది చేతిలో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. స్టీరింగ్ చక్రంలో ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే బ్యాటరీ విప్పాక కనీసం 10 నిమిషాలు ఆగండి. దానిలో నిలవ ఉన్న కరెంటు దిగిపోవడానికి కొంత వ్యవధి కావాలి. మీటరు బోర్డు కనెక్టర్లు ఊడి ఉన్నంతసేపు అలాంటి బండిలో ఇగ్నిషన్ ఆన్ చేయవద్దు, చేస్తే ఎయిర్‌బ్యాగ్ పెట్టె తప్పు నమోదు చేసుకుని హెచ్చరిక దీపం వెలిగిస్తూనే ఉంటుంది.

స్టీరింగ్ చక్రం సంగతి అడిగారు. చాలా కార్లలో దాన్ని విప్పకుండానే పని జరుగుతుంది, ఎయిర్‌బ్యాగ్ ఉన్నదైతే దాని జోలికి పోకపోవడమే మేలు. స్టీరింగ్ కిందికి వంగే ఏర్పాటు ఉంటే పూర్తిగా దించండి. ఆ ఏర్పాటు లేని బండిలో, స్టీరింగ్ కాలమ్‌ను డ్యాష్‌బోర్డు కింద పట్టి ఉంచే రెండు బోల్టులను వదులు చేస్తే కాలమ్ కొద్దిగా దిగుతుంది, కొన్నిటిలో ఆ కొద్దిపాటి సందే మీటరు బోర్డును బయటికి వాల్చడానికి సరిపోతుంది. ఆ బోల్టులను పూర్తిగా ఊడదీయవద్దు. పని ముగిశాక అన్నిటికంటే ముందు వాటిని గట్టిగా బిగించండి. కాలమ్ మీద మందపాటి గుడ్డ కప్పితే మీటరు బోర్డు అద్దం మీద గీతలు పడవు. మరొక గుడ్డను డ్యాష్‌బోర్డు పైనున్న గాలి రంధ్రాల మీద పరవండి. ఆ రంధ్రంలో పడిన స్క్రూ తిరిగి దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు మీ చేతిలో చిటుక్కుమన్న చట్రం దగ్గరికి వద్దాం. పైకి కనిపించే స్క్రూలు రెండయితే, కనిపించనివి కనీసం మరో రెండు ఉంటాయనే లెక్కతో వెతకండి. సాధారణంగా అవి మీటర్లకు నీడపట్టే గొడుగు భాగం లోపలివైపు, పైకప్పుకు అంటుకుని ఉంటాయి. డ్రైవరు సీటులో నిటారుగా కూర్చుంటే అవి కంటపడవు. తల స్టీరింగ్ మధ్య వరకు దించి పైకి చూడాలి, లేదా చిన్న అద్దం లోపల పెట్టి చూడాలి. అక్కడ లేకపోతే పక్కనున్న స్విచ్చుల వెనుక, ఉత్తుత్తి ప్లాస్టిక్ బిళ్లల కింద, గాలి జాలీ లోపల చూడండి. చట్రానికే స్విచ్చులు బిగించి ఉన్న బండ్లలో చట్రం కాస్త ముందుకు వచ్చి ఆగిపోతుంది, వైర్లు దాన్ని పట్టుకుంటాయి. మీకు జరిగినది అదీ కావచ్చు. స్క్రూలన్నీ తీశాక కూడా మిగిలేవి క్లిప్పులే. వాటిని ఊడదీయడానికి ప్లాస్టిక్ పట్టీ వంటి పనిముట్టు వాడండి. స్క్రూడ్రైవరే దిక్కయితే దాని మొనకు రెండు మూడు చుట్లు టేపు చుట్టండి. క్లిప్పు ఉన్న చోటుకు వీలైనంత దగ్గరగా ఎత్తాలి, చట్రం మధ్యలో పట్టి ఎత్తితే విరిగేది చట్రమే. చలి రోజుల్లో పని చేస్తుంటే కారు కాసేపు ఎండలో నిలిపాక మొదలుపెట్టండి, వేడెక్కిన ప్లాస్టిక్కు కొంచెం ఎక్కువ వంగుతుంది.

తీసిన స్క్రూలు ఒకే పొడవు ఉండవని చాలామంది గమనించరు. పొడవాటి స్క్రూ పొట్టి స్క్రూ చోట బిగిస్తే దాని మొన డ్యాష్‌బోర్డు ముందరి తొక్కలోంచి మొటిమలా పొడుచుకు వస్తుంది. తెల్ల కాగితం మీద చట్రం బొమ్మ చేత్తో గీసి, ఏ చోటు స్క్రూను ఆ చోటే గుచ్చి ఉంచడం నేను ఇప్పటికీ మానని అలవాటు.

చట్రం వచ్చేశాక మీటరు బోర్డు నాలుగు మూలలా ఉండే స్క్రూలు బాహాటంగా కనిపిస్తాయి. అవి తీశాక బోర్డు పై అంచును మీ వైపు వాల్చండి. పాత కారులో అసలు చిక్కు ఇక్కడే ఉంది. బోర్డు రెండు మూడు అంగుళాలు ముందుకు వచ్చి, ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు ఆగిపోతుంది. పట్టుకున్నది స్పీడోమీటరు కేబులు. గేరుబాక్సు నుంచి బయలుదేరి, ఇంజన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్యనున్న రేకు గోడలోంచి వచ్చి, స్పీడోమీటరు వీపున తగులుకుంటుంది. దాని పొడవు చాలీచాలనట్టు ఉండటం వల్ల బోర్డు బయటికి రాదు, బోర్డు రాకపోవడం వల్ల కేబులు ముడి వరకు చేయి పోదు. ఇక్కడ లాగితే కేబులు తొడుగైనా తెగుతుంది, మీటరు మెడైనా విరుగుతుంది. బానెట్ ఎత్తి, రేకు గోడ దగ్గర కేబులును పట్టి ఉంచే క్లిప్పులను వదులు చేసి, దాన్ని రబ్బరు బిరడాలోంచి మెల్లగా లోపలికి తోయండి. కొన్ని సెంటీమీటర్లు దొరికితే చాలు. అప్పటికీ చాలకపోతే గేరుబాక్సు దగ్గర కేబులు చివరను విప్పితే కావలసినంత వదులు వస్తుంది. మీటరు వైపు ముడి రెండు రకాలు. గరుకు అంచున్న నట్టు అయితే వేళ్లతో అపసవ్యంగా తిప్పాలి. ప్లాస్టిక్ పట్టు అయితే దాని పక్కనున్న నాలుకను నొక్కి పట్టుకుని వెనక్కి లాగాలి. చూపు ఆనని చోట వేళ్లతో తడిమి పోల్చుకోవలసిన పని ఇది, తొందర పనికిరాదు.

ఆ తరువాత వైర్ల కనెక్టర్లు. ఊడదీయకముందే ఫోటో తీయండి, ఒకే పోలికలో ఉన్నవాటికి టేపు ముక్కలు అంటించి అంకెలు వేయండి. ప్రతి కనెక్టరుకూ ఒక నాలుక ఉంటుంది. దాన్ని నొక్కి, ప్లాస్టిక్ ఒంటిని పట్టుకుని తీయాలి, వైర్లు పట్టి లాగకూడదు.

మీ బండిలో ఆంపియర్ల మీటరు గానీ, ఆయిలు ఒత్తిడిని సన్నటి గొట్టం ద్వారా నేరుగా చూపే మీటరు గానీ ఉంటే ఇంకొంత జాగ్రత్త కావాలి. ఆంపియర్ల మీటరుకు వచ్చే లావుపాటి వైర్లలో చాలా పాత బండ్లలో ఫ్యూజు ఉండదు, బ్యాటరీ విప్పకుండా వాటిని తాకితే మంటలు లేచే ప్రమాదం ఉంది. ఆయిలు గొట్టం విప్పితే లోపలున్న నూనె కారుతుంది, కింద గుడ్డ పెట్టుకోండి. వేడి మీటరుకు వైరు బదులు సన్నటి లోహపు గొట్టం వచ్చి ఉంటే అది మీటరుతో ఒకటిగా మూసివేసిన గొట్టమని గుర్తించండి. దాన్ని మీటరు దగ్గర విప్పడానికి వీలుండదు. ఇంజన్ చల్లారాక దాని రెండో కొసను ఇంజన్ నుంచి తీసి, నలగకుండా లోపలికి తెచ్చుకోవాలి.

బయటికి వచ్చిన బోర్డును ముఖం కిందికి పెట్టి పడుకోబెట్టకండి. కొన్ని మీటర్లలో ముల్లు వణక్కుండా సిలికాన్ నూనె పోసి ఉంటుంది, అది కారి డయలు మీద మరక కడుతుంది. నిలువుగా గోడకు ఆనించి ఉంచండి. వెనకవైపు చూస్తే పల్చని ప్లాస్టిక్ పొర మీద రాగి దారులు కనిపిస్తాయి, బల్బులన్నిటికీ కరెంటు పోయేది వాటి మీదుగానే. బల్బు హోల్డరును పావు చుట్టు తిప్పితే ఊడి వస్తుంది. పాత బల్బు మీద రాసిన వాట్లే కొత్తదానికీ ఉండాలి. ఎక్కువ వాట్ల బల్బు వెలుగు కంటే వేడినే ఎక్కువ ఇచ్చి ప్లాస్టిక్కును కరిగిస్తుంది. బల్బు మంచిదై ఉండి కూడా వెలగకపోతే హోల్డరు రేకులు రాగిని తాకే చోట పట్టిన మసిని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడవండి. ఎడమ సగం మొత్తం ఆరిపోయిందంటే ఆ వైపు దారి ఎక్కడో వెంట్రుకంత చీలి ఉండవచ్చు, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే చీలిక బయటపడుతుంది.

స్టెబిలైజరు డబ్బీని బోర్డుకు పట్టి ఉంచే స్క్రూయే చాలా బండ్లలో దానికి ఎర్త్ కూడా. ఆ స్క్రూ వదులైనా, తుప్పు పట్టినా డబ్బీ తన పని మానేసి బ్యాటరీ వోల్టేజిని ఉన్నదున్నట్టు మీటర్లకు పంపుతుంది, రెండు ముళ్లూ పైకి పోతాయి. కాబట్టి కొత్త డబ్బీ కొనే ముందు స్క్రూ తీసి, దాని చుట్టూ రుద్ది, తిరిగి బిగించి చూడండి. ఫలితం లేకపోతే అప్పుడు మార్చండి. పరీక్ష కోసమని ఈ మీటర్లకు నేరుగా 12 వోల్టులు ఇవ్వవద్దు, లోపలి వేడి తీగ మాడుతుంది. ముల్లును వేలితో జరపవద్దు. అద్దాన్ని సబ్బు నీటితో తడిపిన మెత్తటి గుడ్డతోనే తుడవండి. పెట్రోలు, థిన్నరు తగిలితే పారదర్శకమైన ప్లాస్టిక్కు మసకబారి, సన్నటి పగుళ్లు వస్తాయి.

తిరిగి పెట్టేటప్పుడు అన్ని స్క్రూలూ బిగించేసి ఆనక చూద్దాం అనుకోకండి. కనెక్టర్లన్నీ తగిలించి, బోర్డును దాని చోట ఊరికే ఆనించి, బ్యాటరీ కలిపి, ఇగ్నిషన్ ఆన్ చేయండి. ఆయిలు దీపం, బ్యాటరీ దీపం వెలగాలి, ఇంజన్ స్టార్టు చేశాక ఆరాలి. హెడ్‌లైట్ల స్విచ్చి వేసి మీటర్ల వెలుగు, ఇండికేటర్లు వేసి వాటి గుర్తులు చూసుకోండి. అన్నీ సరిగా ఉన్నాయని తేలాక బ్యాటరీ మళ్లీ విప్పి బిగింపులు పూర్తి చేయండి. స్క్రూలన్నిటినీ ముందు వేళ్లతో పట్టించి, ఆ తరువాత ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా బిగిస్తే పెళుసుబారిన ప్లాస్టిక్కు చెవులు పగలవు.

ప్రశ్న: మీటరు బోర్డు నేనే విప్పి, పాత బల్బులన్నీ తీసేసి ఎల్‌ఈడీలు పెట్టాను. వెలుగు బాగుంది. కానీ అప్పటి నుంచి బ్యాటరీ దిగిపోతోంది. ఆల్టర్నేటరు చెడిపోయిందని మెకానిక్ అంటున్నారు. ఈ రెంటికీ సంబంధం ఉంటుందా?

జవాబు: ఉంటుంది. బ్యాటరీని చార్జు చేసే ఆల్టర్నేటరును మార్చే ముందు, మీటరు బోర్డులో బ్యాటరీ గుర్తు వెనకనున్న ఒక్క బల్బునూ పాతదే పెట్టి చూడండి. చాలా పాత బండ్లలో ఆ బల్బు ఊరికే హెచ్చరించి కూర్చోదు. ఇగ్నిషన్ నుంచి వచ్చిన కరెంటు ఆ బల్బు తీగ గుండా పోయి ఆల్టర్నేటరులో తొలి అయస్కాంత బలాన్ని పుట్టిస్తుంది. ఆల్టర్నేటరు అందుకున్నాక బల్బు రెండు కొసలా వోల్టేజి సమానమై దీపం ఆరిపోతుంది. 12 వోల్టుల మీద 3 వాట్ల బల్బు సుమారు పావు ఆంపియరు పంపుతుంది. ఎల్‌ఈడీ పంపేది అందులో చిన్న భాగమే, పైగా తిరగేసి పెడితే ఏమీ పంపదు. ఇంజన్‌ను ఒకసారి గట్టిగా రేజు చేస్తే చార్జింగు మొదలవుతోందంటే నిర్ధారణ అయినట్టే. మీటరు బోర్డు పూర్తిగా విప్పి ఉంచి బండి నడపకూడదనడానికి కూడా ఇదే ముఖ్యమైన కారణం. మిగిలిన చోట్ల ఎల్‌ఈడీలు ఉంచుకోవచ్చు గానీ, వెలుగు తగ్గించే తిప్పుడు స్విచ్చి మునుపటిలా పనిచేయకపోవచ్చు.

ప్రశ్న: బోర్డు తిరిగి బిగించాక స్పీడోమీటరు ముల్లు తక్కువ వేగంలో వణుకుతోంది, కీచుమని చప్పుడు కూడా వస్తోంది. మీటరే పోయిందా?

జవాబు: మీటరు కంటే ముందు కేబులును అనుమానించండి. మీటరు లోపల తిరిగే అయస్కాంతం ముల్లుకున్న అల్యూమినియం గిన్నెను తాకకుండానే లాగుతుంది, సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. కాబట్టి ముల్లు వణికిందంటే అయస్కాంతం కుదుపులతో తిరుగుతోందన్నమాట, కుదుపులు పుట్టేది కేబులులో. మీరు బోర్డు పెట్టేటప్పుడు కేబులు వెనక మడత పడి ఉండవచ్చు. 15 సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే గట్టిగా ఎక్కడా వంగకుండా సర్దండి. రేకు గోడ దగ్గర లోపలికి తోసిన పొడవును తిరిగి ఇంజన్ వైపు లాగడం మరచిపోతే ఈ మడత తప్పకుండా వస్తుంది. అది సరిచేసినా వణుకు పోకపోతే లోపలి తీగను బయటికి లాగి, రెండు కొసలూ పట్టుకుని యు ఆకారంలో వేలాడదీసి, వేళ్ల మధ్య మెల్లగా తిప్పండి. సాఫీగా తిరగక ఒక చోట ఎగిరిపడితే తీగకు మెలిక పడింది, మార్చవలసిందే. బాగుంటే తుడిచి పల్చగా గ్రీజు రాయండి, అయితే మీటరు వైపు చివరి 15–20 సెంటీమీటర్లు పొడిగానే వదిలేయండి. తిరిగే తీగ గ్రీజును మీటరులోకి ఎక్కిస్తుంది. గిన్నెకూ అయస్కాంతానికీ మధ్య గ్రీజు చేరితే నిలబడి ఉన్న బండి కూడా వేగం చూపడం మొదలుపెడుతుంది. కేబులు విప్పి ఉంచి నడిపినప్పుడు కూడా కీచుమంటే చప్పుడు కేబులుదే. ఆగిపోతే మీటరు మెడలోని బుష్ ఎండిపోయింది.

ప్రశ్న: నా బండి మీటరు బోర్డు పగిలిపోయింది. అదే మోడలు పాత బండి నుంచి తీసిన బోర్డు దొరికింది. నేరుగా పెట్టుకోవచ్చా?

జవాబు: కనెక్టరు సరిపోయినంత మాత్రాన బోర్డు సరిపోయినట్టు కాదు. కేబులుతో నడిచే స్పీడోమీటర్లలో చాలావాటి డయలు మీద, కిలోమీటరుకో మైలుకో కేబులు ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే చిన్న అంకె ముద్రించి ఉంటుంది. రెండు మీటర్ల మీదా ఆ అంకె ఒకటే కాకపోతే వేగం తప్పు చూపుతుంది. ఇంజన్ చుట్లు చూపే మీటరు ఉంటే అది 4 సిలిండర్లదో 6 సిలిండర్లదో చూసుకోవాలి. తరువాతి కాలపు ఎలక్ట్రానిక్ బోర్డులలో కొన్నిటిలో తాళంచెవిని గుర్తుపట్టే ఏర్పాటు కూడా ఉంటుంది, వేరే బండి బోర్డు పెడితే ఇంజన్ స్టార్టు కాకపోవచ్చు. ఇక కిలోమీటర్ల లెక్క. పాత బోర్డులో ఉన్న అంకెనూ, కొత్తగా పెట్టిన బోర్డులో ఉన్న అంకెనూ, మార్చిన తేదీతో సహా సర్వీసు పుస్తకంలో రాసి, రెండు బోర్డుల ఫోటోలు దానితో కలిపి ఉంచండి. అమ్మేటప్పుడు ఆ కాగితాన్ని కొనేవారికి చూపండి. కిలోమీటర్లు తక్కువ చూపి అమ్మడం చాలా దేశాల్లో నేరం, మీరు కావాలని చేయకపోయినా రుజువు లేకపోతే నిందపడేది మీరే.